జగ్గునాయుడు పోయిన టైము

మా రాచమెరకలో ఎవరినైనా ఆపి టైమెంతయిందని అడగండి. "ఏ టైము?" అని ఎదురు అడుగుతారు. ఈ దౌర్భాగ్యానికి కారణం నేనేనని నేనంటే గిట్టనివాళ్ళు అంటారు. గిట్టేవాళ్ళూ అదే అంటారు, కాకపోతే కాస్త మెల్లగా అంటారు. అయ్యా, నేను రాసింది ఒక నివేదిక. నివేదిక రాస్తే దాన్ని ఎవరైనా చదువుతారని కలగనడానికి నేనేమైనా జ్యోతిష్కుణ్ణా?

ఆ ఏడాది ప్రభుత్వంవారికి కాలం మీద మోజు పుట్టింది. అంతకు ముందేడు చెరువుల మీద పుట్టింది. ఆ ముందేడు చిరుధాన్యాల మీద పుట్టి, ఊరందరి చేతా కొర్రన్నం తినిపించి పోయింది. ఈసారి "మన కాలం – మన వారసత్వం" అని వీధివీధినా ఫ్లెక్సీలు కట్టారు. బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి కాలాన్ని గౌరవిస్తామని ప్రతిజ్ఞ చేయించారు. తరవాత ఉత్తర్వు దిగింది: ప్రతి ప్రాంతంవారూ తమ తమ కాలమానాల చరిత్రను పరిశోధించి పంపవలెను. ఊళ్ళో కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్తాననడం మాటవరసకే, వినేవాళ్ళు లేరు. అందుచేత ఆ పని నా నెత్తిన పడింది.

దీనికోసం కాలవారసత్వ ప్రత్యేకాధికారి అని ఒకాయన్ని మా ఊరి పెద్దాఫీసులో కూర్చోబెట్టారు. పేరు మంథా విశ్వపతిగారు. కొత్తగా వచ్చినాయన, శాలువా కప్పుకోకపోయినా కప్పుకున్నట్టే కనబడతారు.

"చూడండి మాస్టారూ," అన్నారు నన్ను కూర్చోమనకుండానే. "సూర్యుడనేవాడు మన పరిధిలోకి రాడు. గడియారం మాత్రం వస్తుంది. ఆ దృక్కోణంలో మీరు లోతుగా వెళ్ళాలి."

"ఎంత లోతుకండీ?"

"బడ్జెట్టు ఉన్నంత లోతుకి."

పక్కనే సూపరింటెండెంటు లింగమూర్తి చేతులు కట్టుకుని నవ్వాడు. పెద్దాఫీసుకి అసలు యజమాని ఆయనే. అధికార్లు వస్తారు, పోతారు, లింగమూర్తి ఉంటాడు. ఆయన తలమీదుగా గోడగడియారం కనిపించింది. ఆ ఆఫీసు గడియారంతో నాకెప్పుడూ పేచీయే. పొద్దున వెళ్తే నా వాచీకంటే వెనక ఉంటుంది, సాయంత్రం వెళ్తే ముందు ఉంటుంది. నాది బీద వాచీ కదా, నడక సరిగ్గా లేదు కాబోలనుకుని సరిపెట్టుకునేవాణ్ణి.

ఆ సాయంత్రమే రత్నం మా ఇంటికొచ్చింది. పూర్తి పేరు బెవర నూకరత్నం, నా దగ్గరే డిగ్రీ చదివింది. వాళ్ళ నాన్న జగ్గునాయుడు పెద్దాఫీసులో అటెండరు. పాపం, రిటైరయిన రోజు రాత్రే పోయాడు. సాయంత్రం మెడలో దండ వేశారు, శాలువా కప్పారు, ఆఫీసులో అందరూ చందాలేసుకుని ఒక గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. మనవాళ్ళకిదొక సరదా, ఇకనుంచి టైముతో పనిలేనివాడికే గడియారమిస్తారు. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి, తన చేత్తోనే మేకు కొట్టి తగిలించాడు. నడిరాత్రి గుండెలో నొప్పన్నాడు. అంతే.

"పన్నెండున్నర అయిందని అమ్మ ఆ గడియారం చూసి చెప్పింది మేస్టారూ," అంది రత్నం. "సర్టిఫికెట్లో అదే రాశారు. ఇప్పుడు అదే మా పీకలమీదకొచ్చింది."

వచ్చిందంటే రాదూ మరి. ఉద్యోగంలో ఉండగా పోతే పిల్లకి కారుణ్య నియామకం కింద ఉద్యోగమిస్తారు. రిటైరయ్యాక పోతే దండ ఒక్కటే మిగులుతుంది. నెల ఆఖరి రోజు అర్ధరాత్రిదాకా జగ్గునాయుడు ఉద్యోగి, ఆ తరవాత కాడు. లింగమూర్తి ఆ పిల్లని కూర్చోబెట్టి ఓదార్చాడట కూడా: "ఏం చేస్తామమ్మా, మీ నాన్న అన్నిటికీ తొందరపడే మనిషే, దీనికి మాత్రం అరగంట ఆలస్యం చేశాడు."

ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరే. క్వార్టరు ఖాళీ చెయ్యమని తాఖీదొచ్చింది. "ఏదైనా దారుందా మేస్టారూ? మీరు టైము గురించే రాస్తున్నారట కదా," అంది. లేదమ్మా అనడానికి నాకు నోరు రాలేదు. చూస్తానన్నాను.

అప్పుడు మొదలెట్టాను అసలు పరిశోధన. ఒకప్పుడు మన దేశంలో మద్రాసుకో టైము, బొంబాయికో టైము, కలకత్తాకో టైము. రైలెక్కినవాడు ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి టైము తగిలించుకునేవాడు. తరవాత దొరలు అందరికీ కలిపి ఒకే టైమన్నారు. యుద్ధం వచ్చినప్పుడు వెలుతురు పొదుపని దేశంలో గడియారాలన్నీ గంట ముందుకి జరిపించారు, యుద్ధమయ్యాక వెనక్కి జరిపించారు. ఇదంతా చదువుతూ తలకాయ వాచి, ఓరోజు గాలికోసం కోట గుమ్మం దగ్గరికెళ్ళాను.

అక్కడ గడియారస్తంభం కింద ఒక శాసనం ఉంది. ఊళ్ళోవాళ్ళందరూ దానికి సైకిళ్ళు ఆనిస్తారు, సినిమా పోస్టర్లు అంటిస్తారు. నేనూ నా స్కూటరు ఆనించినవాణ్ణే. ఆ రోజు పోస్టరు సగం ఊడిపోయి ఉంటే అక్షరాలు కనబడ్డాయి. మా సంస్థానాన్ని ఏలిన రాజావారు ఆలస్యంగా లేచేవారు. సూర్యోదయానికి కొలువుతీరడం వారి వంశాచారం. రాజుని లేపడం దివానుకి చేతకాలేదు కనక గడియారాన్ని గంటసేపు ఆపించాడు. శాసనంలో ఇలా ఉంది: "శ్రీవారు మేల్కాంచినదే యుదయమని యెల్లవారును ఎఱుంగవలెను. ఈ సంస్థానమందలి కాలము తక్కిన దేశమునకంటె ఒక గంట వెనుక నడచును. దీనిని మార్చుటకు శ్రీవారికి దక్క అన్యులకు అధికారము లేదు."

లోకమంతా వెలుతురు పొదుపు చేస్తే మా రాజావారు నిద్ర పొదుపు చేశారు! సంస్థానం పోయినప్పుడు కోట రాసిచ్చారు, ఏనుగుని జంతుశాలకిచ్చారు, పల్లకీలు మ్యూజియానికిచ్చారు. టైముని మాత్రం ఎవరూ అప్పగించలేదు, ఎవరూ పుచ్చుకోలేదు. అంటే చట్టప్రకారం మా ఊరు ఇప్పటికీ గంట వెనకే ఉంది. జగ్గునాయుడు పన్నెండున్నరకి కాదు, పదకొండున్నరకి పోయాడు. నిక్షేపంలా ఉద్యోగంలో ఉండగానే పోయాడు!

ఒళ్ళు తెలియని సంతోషంతో నివేదిక రాసి విశ్వపతిగారి చేతిలో పెట్టాను. ఆయన చదివి కుర్చీలోంచి లేచారు.

"మాస్టారూ, పక్క జిల్లావాళ్ళు ఏం పంపారో తెలుసా? విరిగిపోయిన నీడగడియారం. మనకి ఏకంగా సొంత కాలమే ఉంది!"

"ఉందండీ. దాన్నిబట్టి ఆ అటెండరుగారి అమ్మాయికి..."

"అది చిన్న విషయం. ముందు కాలాన్ని పునరుద్ధరించాలి."

పునరుద్ధరించారు. మేళతాళాలతో పునరుద్ధరించారు. రాచమెరక కాలం ఒకటి, దేశ కాలం ఒకటి, రెండూ సమానంగా చెల్లుతాయని ప్రకటించారు. ఆఫీసు ఆఫీసుకీ రెండేసి గడియారాలు కొన్నారు. మనవాళ్ళు ఏ సౌకర్యమిచ్చినా సద్వినియోగం చేసుకుంటారు కదా. ఆఫీసుకి రాచమెరక టైముకి వచ్చేవారు, దేశం టైముకి వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నం భోజనానికి ఒక టైము ప్రకారం లేచి, తిరిగొచ్చి, రెండో టైము ప్రకారం మళ్ళీ లేచేవారు. రెండోసారి ఏం తింటారయ్యా అని అడిగితే, "తినడం ముఖ్యం కాదండీ, విరామం ఉద్యోగి హక్కు," అన్నాడు లింగమూర్తి.

బస్సులవాళ్ళు ఏ టైముకి బయల్దేరినా టైముకే బయల్దేరామనేవారు. పెళ్ళిళ్ళలో ఆడపెళ్ళివారు ఒక టైమూ, మగపెళ్ళివారు ఇంకో టైమూ పట్టుకుని మండపంలో కొట్టుకున్నారు. చివరికి ఒక పురోహితుడు గంట ఎడంతో రెండు తాళిబొట్లు కట్టించాడు. రెండు సంభావనలూ పుచ్చుకున్నాడని వేరే చెప్పాలా?

ఇంత జరిగినా రత్నం కాగితం మీద సంతకం మాత్రం పడలేదు. కారణం రాహుకాలం. లింగమూర్తి రాహుకాలంలో ఫైలు కదపడు, విశ్వపతిగారు కలం ముట్టరు. ఒక్క టైము ఉన్న రోజుల్లో అది గంటన్నరతో పోయేది. ఇప్పుడు దేశం టైము రాహుకాలం అవకముందే మా ఊరి టైము రాహుకాలం అందుకునేది. దానికి తోడు రెండు యమగండాలు, రెండు వర్జ్యాలు, రెండు భోజనాలు.

"రాహుకాలం సూర్యోదయాన్నిబట్టి కదండీ లెక్క, సూర్యుడొక్కడే కదా," అన్నాను ఉండబట్టలేక.

"సూర్యుడొక్కడేనండి. కానీ ఈ ఊళ్ళో రెండు టైములకి ఉదయిస్తున్నాడు," అన్నాడు లింగమూర్తి. "రాహువు ఏ గడియారం చూసుకుంటాడో మనకి రాతపూర్వకంగా తెలియపరచలేదు. జాగ్రత్తగా ఉండడంలో తప్పేముంది?"

రత్నం రోజూ వచ్చి వరండాలో కూర్చునేది. వాళ్ళ నాన్న కూర్చున్న స్టూలు మీదే కూర్చునేది. క్వార్టరు గడువు దగ్గర పడుతోంది. చివరికి ఒక బుధవారంనాడు, ఏ గ్రహమూ అడ్డురాని పావుగంట దొరికితే, విచారణ కమిటీ ముందుకి పిలిచారు.

విశ్వపతిగారు గొంతు సవరించుకున్నారు. "రాచమెరక కాలమానం ప్రకారం సదరు ఉద్యోగి సేవలో ఉండగానే మరణించినట్లు ఈ కమిటీ సంతోషంతో ధ్రువీకరిస్తోంది."

రత్నం నా వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళు. నాకూ తిరిగాయి. ఇంతలో లింగమూర్తి లేచాడు.

"చిన్న సందేహమండి. ఆ ఉద్యోగికి రాచమెరక కాలం వర్తిస్తే, చనిపోయిన రోజుకే ఎందుకు వర్తించాలి? సర్వీసంతా వర్తించాలి. ఆయన రోజూ సాయంత్రం అయిదింటికి ఇంటికెళ్ళేవాడు. మన ఊరి కాలం ప్రకారం అప్పటికి నాలుగే. అంటే సర్వీసు మొత్తం రోజూ గంట ముందు ఉడాయించినట్టు తేలుతోంది."

"మరి పొద్దున కూడా గంట ముందే వచ్చినట్టు కదండీ!" అని అరిచాను.

"ముందు రమ్మని ఎవరూ ఉత్తర్వివ్వలేదు. అది ఆయన సరదా. ముందు వెళ్ళడం మాత్రం క్రమశిక్షణారాహిత్యం."

"మీరంతా కూడా అయిదింటికే వెళ్ళారు కదండీ!"

"మా సంగతి వేరు మాస్టారూ. మేం బతికే ఉన్నాం, సంజాయిషీ ఇచ్చుకోగలం."

విశ్వపతిగారు అభియోగం నమోదు చెయ్యక తప్పదన్నారు. అభియోగం ఉన్నంతకాలం కారుణ్య నియామకం పరిశీలించడానికి లేదు. అభియోగం తీరాలంటే ఉద్యోగి స్వయంగా వచ్చి జవాబు చెప్పుకోవాలి.

రత్నం కళ్ళు తుడుచుకుంది. "మా నాన్నకి నోటీసు పంపుతారా అండీ? పంపండి. ఏ అడ్రసుకి పంపాలో తెలిస్తే మాకూ చెప్పండి, అమ్మ అడుగుతోంది," అంది. లింగమూర్తి ఆ మాట కూడా రాసుకున్నాడు.

ఇక ఆ గొడవ చాలదన్నట్టు గడియార గణన వచ్చి పడింది. ఏ ఇంట్లో ఏ గడియారం ఏ కాలం చూపిస్తోందో లెక్కతేలాలట. ఇంటింటికీ వెళ్ళి దేశ కాలమైతే నీలం స్టిక్కరో, మా ఊరి కాలమైతే పసుపు స్టిక్కరో అంటించాలి. ఓటర్లనీ గొర్రెల్నీ మరుగుదొడ్లనీ లెక్కపెట్టిన చేతులు మా మేస్టర్లవే కనక గడియారాల్నీ మాకే అప్పజెప్పారు. నా వంతులో క్వార్టర్ల వీధి వచ్చింది.

రత్నం ఇంటికి వెళ్తే గోడకి మేకు ఒక్కటే ఉంది. "ఆ మాయదారిది కళ్ళముందు వద్దని పాతచీరలో సుట్టి అటకెక్కించీసినాను బాబూ," అంది జగ్గునాయుడి భార్య. లెక్కకోసం దింపమన్నాను. రత్నం దింపి మూట విప్పింది. గడియారం ఇంకా నడుస్తోంది. బుద్ధిగా, ఏ స్టిక్కరుకీ చెందకుండా, నా వాచీకంటే నలభై నిమిషాలు ముందు నడుస్తోంది.

సెల్‌ఫోనులో చూశాను. రత్నం ఫోనులోనూ చూశాను. పక్కింటికెళ్ళి వాళ్ళ టీవీలో కూడా చూశాను. నలభై నిమిషాలే.

"దీనికి టైము ఎవరు పెట్టారమ్మా?"

"ఆపీసోల్లే ముల్లు తిప్పి ఇచ్చినారు బాబూ, సబలోన, ఆల గోడగడియారం సూసి."

"మరి ముందెందుకుంది?"

ఆవిడ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఆల గడియారం ఎప్పుడు సరిగ్గున్నాది? మజ్జాన్నం బోయినాలయ్యాక ముల్లు ముందుకి తొయ్యాల. ఆలు బేగి ఇల్లకెల్లాల గదా. పొద్దున్న ఎనక్కి తొయ్యాల. ఆలు నిదానంగా రావాల గదా. రోజూ స్టూలెక్కి ఈయనే తోసీవోడు. లింగమూర్తిబాబు సెప్పినాడని తోసీవోడు."

నేను ఆ చీరమూట పక్కనే చతికిలబడ్డాను. ఓరి నా తెలివి సంతకెళ్ళా! మద్రాసు టైమూ బొంబాయి టైమూ తవ్వాను, రాజావారి నిద్ర తవ్వాను. మనిషి పోయింది పన్నెండున్నరకీ కాదు, పదకొండున్నరకీ కాదు. దేశం టైము ప్రకారమే, మామూలు టైము ప్రకారమే, పన్నెండుకి పదినిమిషాలుండగా పోయాడు. ఏ శాసనమూ అక్కర్లేకుండా ఉద్యోగంలో ఉండగానే పోయాడు.

"వాళ్ళు బేగి ఇళ్ళకెళ్ళాలని మా నాన్న ముల్లు తోశాడు," అంది రత్నం. "ఆ ముల్లే మా నాన్నని అవతలికి తోసేసింది." అని ఏడ్చింది. వాళ్ళ నాన్న పోయాక ఆ పిల్ల అంతలా ఏడవడం అదే మొదటిసారని తరవాత వాళ్ళమ్మ చెప్పింది.

గడియారం పట్టుకుని ముగ్గురం పెద్దాఫీసుకెళ్ళాం. విశ్వపతిగారి బల్లమీద పెట్టి, పక్కనే నా ఫోను పెట్టి, చెప్పాల్సింది చెప్పాను. గదిలో ఆఫీసంతా మూగింది. జగ్గునాయుడికి చందాలేసినవాళ్ళూ, దండ వేసినవాళ్ళూ అందరూ ఉన్నారు. తలలన్నీ ఒక్కసారిగా నేలమీద ఏదో పారేసుకున్నాయి.

"ఏమయ్యా లింగమూర్తీ, మన గోడగడియారం ముందుండేదా?" అన్నారు విశ్వపతిగారు.

"ఇప్పుడే చూడండి సార్, సరిగ్గానే ఉంది," అన్నాడు లింగమూర్తి. నిజమే, సరిగ్గానే ఉంది. రెండు టైములు చేతికొచ్చాక ముల్లు తొయ్యాల్సిన ఖర్మ వాళ్ళకేం పట్టింది? "అయినా అది మేం ప్రేమతో ఇచ్చిన బహుమతి. దానమిచ్చిన ఆవుకి పళ్ళు పట్టి చూసినట్టు ఇప్పుడీ మాటలేంటమ్మా? మీ నాన్నయితే ఇలా మాట్లాడేవాడు కాదు."

"అవునండీ," అంది రత్నం. "మా నాన్న మాట్లాడేవాడు కాదు. అందుకే మీరు స్టూలెక్కమంటే ఎక్కాడు."

విశ్వపతిగారిలో ఎక్కడో మనిషి కదిలాడనే నేను ఇప్పటికీ నమ్ముతాను. గడియారాన్ని రెండుచేతులా ఎత్తుకున్నారు. "ఇది మౌలిక సాక్ష్యం. దీన్ని ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకుంటున్నాం. నిపుణుడొచ్చి నలభై నిమిషాల తేడా ధ్రువీకరించిన రోజునే, రాహుకాలమైనా సరే, సంతకం పెడతాను," అన్నారు. రాహుకాలమైనా సరే! ఆ మాటకి లింగమూర్తి కూడా ఉలిక్కిపడ్డాడు. క్వార్టరు గడువు నిపుణుడు వచ్చేదాకా పొడిగించారు. రత్నం ఆఫీసు మెట్లు దిగుతూ మొదటిసారి నవ్వింది.

సంరక్షణ అంటే బీరువా అనుకున్నాం. కాదు, మ్యూజియం. కోటలో కాలవారసత్వ ప్రదర్శనశాల పెట్టారు. రాజావారి పల్లకీ బొమ్మ పక్కన, గోడకి ఎత్తుగా కట్టిన వెల్వెట్టు గుడ్డమీద, జగ్గునాయుడి గోడగడియారం. కింద చీటీ: "ప్రజా గడియారం. దాత: కీర్తిశేషులు బెవర జగ్గునాయుడు." నిపుణుడు సోమవారం వస్తాడు. ప్రారంభోత్సవం ఆదివారం పెట్టారు. రత్నం, వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చున్నారు, దాత కుటుంబం కదా.

ముఖ్య అతిథిగారు రెండు టైముల ప్రకారమూ ఆలస్యంగా వచ్చారు. రిబ్బను కత్తిరించారు, రాజావారి పల్లకీకి దణ్ణం పెట్టారు, గోడగడియారం ముందు ఆగారు. తమ చేతి వాచీ చూసుకున్నారు. మళ్ళీ గడియారం చూశారు.

"ఇదేంటయ్యా, తప్పు టైము చూపిస్తోంది?"

విశ్వపతిగారు "అదే సార్, ఆ తేడాయే..." అని ఏదో చెప్పబోయారు. ఈలోగా లింగమూర్తి వెనకనుంచి స్టూలు తెచ్చి వేశాడు. ఎక్కడినుంచి తెచ్చాడో ఎప్పుడు తెచ్చాడో తెలియదు, కానీ ఆ స్టూలుని నేను గుర్తుపట్టాను. "అయ్యగారి చేతిమీదుగానే సరిచెయ్యాలి," అన్నాడు.

"ఆగండి! ముట్టుకోకండి!" అని నేను కేకేశాను. బ్యాండుమేళం వాళ్ళు అది తమకిచ్చిన సంజ్ఞ అనుకుని అందుకున్నారు.

ముఖ్య అతిథిగారు స్టూలెక్కి, గడియారం చేతిలోకి తీసుకుని, వెనకనున్న మర తిప్పి, ముల్లుని జాగ్రత్తగా వెనక్కి జరిపారు. కెమెరాలకోసం ఒకసారి ఆపి నవ్వారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా ఎవరు కొట్టారో మీకు చెప్పక్కర్లేదు. విశ్వపతిగారు కూడా కొట్టారు, కాకపోతే నా వైపు చూడకుండా కొట్టారు.

సోమవారం నిపుణుడు వచ్చి, గడియారాన్ని ముందూ వెనకా చూసి, ఒక్క నిమిషం కూడా తేడా లేదని ధ్రువీకరించి, రెండు టైముల ప్రకారమూ రెండుసార్లు భోంచేసి వెళ్ళిపోయాడు.

వారం తిరగకుండా క్వార్టరు ఖాళీ చేశారు. బండిలో సామాను ఎక్కిస్తున్నప్పుడు నేనెళ్ళాను. ఏమనాలో తెలియక, మళ్ళీ అర్జీ పెడదామమ్మా, పై ఆఫీసుకి రాద్దామమ్మా అని గొణిగాను. రత్నం చీరమూట ఒకటి బండిలోకి అందిస్తూ, నన్నే ఓదారుస్తున్నట్టు అంది:

"వదిలేయండి మేస్టారూ. ఇప్పుడు మా నాన్న సరైన టైముకే పోయాడు."